పట్టు దొరకని గోడలు

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఇప్పుడు విద్యార్థుల కోసం లేపుతున్న మేడల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2021లో లేచిన ఒకటి 37 అంతస్తులు, 116 మీటర్లు. యార్క్‌షైర్ మొత్తంలో అంత ఎత్తు భవనం లేదని అప్పట్లో పేపర్లు మురిసిపోయాయి. ఉంటే ఉండనీండి. పనిగట్టుకుని దాని చుట్టూ తిరిగొచ్చాను. నేల నుంచి మనిషి ఎత్తు దాకా వేలికొన ఆనే చోటు ఒక్కటీ కనబడలేదు. అంతా పలకలు, అద్దాలు. గోడంటే ఇదా? మా రోజుల్లో ఈ ఊళ్లో ఏ గోడ దగ్గర నిలబడ్డా చెయ్యి వేయడానికి ఏదో ఒకటి దొరికేది.

కాలేజీ పిల్లలు డబ్బు కట్టి గోడలెక్కే షెడ్డుల్లోకి వెళ్లి, రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు పట్టుకుని వేలాడుతున్నారని నా ఈడు వాళ్లు పిల్లల్ని తిడుతుంటారు. పిల్లల సంగతి తర్వాత. ముందు తిట్టాల్సింది ఇలాంటి గోడలు కట్టేవాళ్లని. ఆ హక్కు నాకుంది, ఎందుకంటే నేనూ ఆ కులంవాణ్ణే. భువనగిరి పక్క పల్లెలో పుట్టి, ఉస్మానియాలో సివిల్ చదివి, 1969లో కాంక్రీటు మీద పరిశోధనకని ఇక్కడికొచ్చాను. అప్పట్లో కాంక్రీటు చదవాలనుకున్నవాడికి లీడ్స్ పెద్ద దిక్కు. ‘ప్రాపర్టీస్ ఆఫ్ కాంక్రీట్’ రాసిన ఆడం నెవిల్ సివిల్ శాఖకు ఆచార్యుడు. ఆయన పుస్తకం బైండు ఊడిపోయేదాకా చదివి వచ్చినవాళ్లం మేము. పగలంతా ల్యాబులో కాంక్రీటు దిమ్మెలు పిండి చేసేవాణ్ణి. సాయంత్రం రాతి గోడలు ఎక్కేవాణ్ణి.

ఆ గోడలు ఎలా ఉండేవో చెప్పాలి. యార్క్‌షైర్ రాయి ముతక ఇసుకరాయి. వీళ్లు గ్రిట్‌స్టోన్ అంటారు. పూర్వం తిరగటి రాళ్లు చెక్కింది దీంతోనే. అరచేతితో నిమిరితే చర్మం లేచిపోతుంది, అందుకే జారదు. 1858లో విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించిన లీడ్స్ టౌన్‌హాలు ఆ రాతిదే. నేనొచ్చేనాటికి ఊరంతా మసి. వందేళ్ల బొగ్గు పొగ ప్రతి రాయికీ పట్టి, చర్చీలూ బ్యాంకులూ నల్లగా నిలబడి ఉండేవి. మా కుర్రాళ్లు రోజూ పట్టుకునే చోట మాత్రం మసి అరిగి లోపలి గోధుమ రంగు కనబడేది. కొత్తవాడికి దారి చెప్పక్కర్లేదు, ఆ మచ్చలు చూసుకుంటూ పోతే చాలు. తర్వాత్తర్వాత భవనాలన్నీ కడిగి శుభ్రం చేశారు. మా దారులూ మసితోబాటే పోయాయి.

ఇక హెడింగ్లీ, హైడ్ పార్క్ పేటల్లో విద్యార్థులు అద్దెకుండే ఇళ్లు ఎర్ర ఇటుకవి, ఒకదానికొకటి అంటుకుని బారులుగా ఉంటాయి. ఆ ఇటుకలు కట్టింది సున్నంతో. సున్నం మెత్తనిది. వానకీ మంచుకీ కొద్దికొద్దిగా కరిగి, ఇటుకల మధ్య సందు లోపలికి పోతుంది. గోరు మొదలు దాకా వేలు దిగుతుంది. పాతబడ్డ గోడ ఎక్కడానికి పనికొస్తుందంటే కారణం ఇదే. సిమెంటు పూత పెట్టిన గోడకు ఆ వయసు రాదు. అది పగులుతుంది, లేదా ఊడి పడుతుంది. వాలు తెగిపోకుండా రోడ్ల పక్కన కట్టిన రాతి అడ్డుగోడలు, రైలు వంతెనల కాళ్లు, సందుల చివర మలుపు రాళ్లు ఇంకా మేలు. రాయిని నున్నగా చెక్కకుండా గని నుంచి వచ్చిన ముఖం అలాగే వదిలేసేవాళ్లు ఆనాటి మేస్త్రీలు. మాకోసం వదల్లేదనుకోండి, ఖర్చు తగ్గుతుందని వదిలారు.

గోడలెక్కడం అంటే ఇప్పటివాళ్లు వీడియోల్లో చూసే ఆకాశహర్మ్యాలు ఊహించుకుంటారు. మేమంత పిచ్చివాళ్లం కాదు. మాది అడ్డంగా ఎక్కడం. నేలకు రెండడుగుల ఎత్తున మొదలుపెట్టి, కాలు కింద మోపకుండా గోడ ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. పడితే నడుం పట్టేస్తుందేమో, ప్రాణం పోదు. నిబంధనలు మేమే పెట్టుకునేవాళ్లం. కిటికీ గడప నిషిద్ధం. నీటి గొట్టం పట్టుకున్నవాడు వెధవ. అది పోత ఇనుము, వందేళ్ల మేకుల మీద వేలాడుతుంటుంది, గోడతో సహా ఊడొస్తుంది. బాగా పట్టు చిక్కిన గోడ అయితే మర్నాడు ‘పై వరస రాళ్లు ముట్టుకోకూడదు’ అని కొత్త నిబంధన. దాంతో అదే గోడ మళ్లీ కొత్తదయ్యేది. ఇంటావిడ కిటికీ తెరిచి అరిస్తే టోపీ తీసి దండం పెట్టి పక్క వీధికి పోయేవాళ్లం. పోలీసు ఆపితే ‘పరిశోధన’ అనేవాణ్ణి. నా విషయంలో అది సగం నిజం.

నీటి గొట్టాల మాట వచ్చింది కాబట్టి కేంబ్రిడ్జి వాళ్ల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. వాళ్లకు అదో సంప్రదాయం. జెఫ్రీ వింత్రప్ యంగ్ అనే ఆయన 1900 ప్రాంతంలోనే ట్రినిటీ కాలేజీ కప్పులు ఎలా ఎక్కాలో గైడు అచ్చేశాడు. తర్వాత మొదటి యుద్ధంలో కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలుతో మాటర్‌హార్న్ ఎక్కిన మనిషి, ఊరికే అనడానికి లేదు. 1937లో వచ్చిన ‘ది నైట్ క్లైంబర్స్ ఆఫ్ కేంబ్రిడ్జ్’ పుస్తకం మీద రచయిత అసలు పేరే లేదు. అంతా చీకట్లో, గొట్టాల మీద, కాపలావాడికి దొరక్కుండా. 1958లో ఇంజనీరింగు కుర్రాళ్లు రాత్రికి రాత్రి పరంజా కర్రలు, కప్పీలు, మోకులు కట్టి ఒక ఆస్టిన్ కారును సెనేట్ హౌస్ కప్పు మీదికి ఎక్కించారు. ఎక్కించడానికి ఒక రాత్రి చాలింది. దించడానికి అధికారులకు రోజులు పట్టింది, చివరికి ముక్కలు కోసి దించుకున్నారు. ఇంజనీరుగా ఆ పనికి నమస్కారం పెడతాను. అయినా అది దొరబాబుల సరదా. లీడ్స్‌లో మా ఎక్కుడు పట్టపగలు, వీధిలో, ముసలమ్మలు కూరగాయల సంచులతో పోతుండగా సాగేది.

ఇప్పుడు అసలు గోడ దగ్గరికి వస్తాను. విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య శాఖకు ఒక నడవా ఉండేది. 1964లో అక్కడి అధ్యాపకుడు డాన్ రాబిన్సన్ ఆ నడవా ఇటుక గోడలో అక్కడక్కడ రాళ్లు పొదిగించాడు. బ్రిటన్‌లో ఎక్కుడు సాధనకని తొలినాళ్లలో చేసిన కృత్రిమ గోడల్లో బాగా పేరుపడ్డది అదే. ఇవాళ ఊరూరా ఉన్న జిమ్ములన్నిటికీ ముత్తాత. ఏముంది అందులో? పక్కన నడిచిపోయేవాడికి భుజం తగిలేంత ఇరుకు. చలి. పైన ఒక దీపం. పొదిగిన రాళ్లు కొన్ని వేలిమందం కూడా లేవు. ఇటుక అంచులు వేల చర్మాన్ని కోసేసేవి. పరుపు లేదు, పాట లేదు, టిక్కెట్టు అడిగినవాడు లేడు. రంగులు అసలే లేవు. ఏ రాయి నుంచి ఏ రాయికి పోవాలో చెప్పే చీటీ కూడా లేదు. నీ బుర్రే నీ చీటీ. వాన వెలిసేదాకా అని లోపలికి వచ్చినవాళ్లు అర్ధరాత్రి దాకా ఉండేవాళ్లు. లీడ్స్ వాన సంగతి తెలిసినవాళ్లకు అర్థమవుతుంది.

ఆ నడవాలో తయారైనవాళ్లలో జాన్ సిరెట్ పేరు చెప్పకపోతే పాపం. విద్యార్థి. ఎక్కువగా ఆ గోడ మీదే సాధన చేసి, 1970లో ఆమ్స్‌క్లిఫ్ గుట్ట మీద ‘వాల్ ఆఫ్ హారర్స్’ అనే దారి ఎక్కేశాడు. 1961లో ఆలన్ ఆస్టిన్ మొదటిసారి ఎక్కిన తర్వాత దాని జోలికి పోవడానికి జనం జంకేవాళ్లు. గోడ మీద నేర్చుకున్న కుర్రాడు కొండ మీద పనికి రాడని అప్పటిదాకా చాలామంది పెద్దలు అనేవారు. మర్నాటి నుంచి ఆ పెద్దలే చేతి సంచుల్లో బూట్లు పెట్టుకుని నడవా దగ్గర కనబడ్డారు. నా సొంత లెక్క వేరు. సిరెట్‌కు ఆ గోడ ఇచ్చింది వేళ్ల బలం ఒక్కటే కాదు. ఇటుకకీ రాతికీ మధ్య ఏ చిన్న పెళ్లు ఆధారం అవుతుందో పట్టి చూసే కన్నిచ్చింది. గుట్ట మీద కూడా ఎవరూ సున్నంతో గుర్తు పెట్టి ఉంచరు కదా.

సున్నం అంటే జ్ఞాపకం వచ్చింది, ఆ తెల్లపొడి. జిమ్నాస్టులు చేతులకు రాసుకునే మెగ్నీషియా పొడిని 1950ల్లో అమెరికాలో జాన్ గిల్ బండలెక్కడానికి తెచ్చాడు. ఆయన తర్వాత గణితం ప్రొఫెసరయ్యాడు. మాకు ఆ అలవాటు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ప్రతి గోడ మీదా తెల్లటి చేతి ముద్రలు. ఇక వెతకడం ఏముంది, తెలుపు కనబడ్డ చోట చెయ్యి వెయ్యడమే. ఇంటివాళ్లు కేకలేయడం పెరిగింది కూడా అప్పట్నుంచే. మసి అరిగితే ఎవరికీ పట్టలేదు గానీ, గోడంతా తెల్ల మచ్చలైతే ఎవరు ఊరుకుంటారు?

కట్టేవాళ్లని తిడతానన్నాను. మొదటి తప్పు నాకు అన్నం పెట్టిన కాంక్రీటుదే. నేనొచ్చేనాటికే క్యాంపస్ నిండా క్రేన్లు. లండన్‌లో బార్బికన్ కట్టిన చేంబర్లిన్, పవెల్ అండ్ బాన్ సంస్థే ఇక్కడ కొత్త భవనాలు గీసింది. 1970లో పూర్తయిన రోజర్ స్టీవెన్స్ భవనం వాళ్లదే. గొప్ప నిర్మాణం, ఒప్పుకుంటాను. కానీ గోడగా చూస్తే మూలలు తప్ప ఇంకేం లేవు. పెద్ద పెద్ద దూలాలు, నున్నటి ముఖాలు. రాయి అయితే ప్రతి అడుగుకీ మేస్త్రీ చెయ్యి తగులుతుంది, చెయ్యి తగిలిన చోట తేడా వస్తుంది, తేడా ఉన్న చోట పట్టు ఉంటుంది. అచ్చులో పోసిన గోడకు తేడా ఎక్కడిది? అయినా కాంక్రీటుకు మూలైనా ఉండేది. తర్వాత వచ్చిన పలకలకు అదీ లేదు. వేడి బయటికి పోకూడదని గోడకు దళసరి కంబళి కప్పి, పైన రేకు బిగిస్తున్నారు. కరెంటు ఖర్చు తగ్గుతుంది, కాదనను. కానీ నేల మీద నిలబడి చెయ్యి చాపే మనిషికి ఆ భవనం ఏమీ ఇవ్వడం లేదు. పైగా ప్రతి మూలా కెమెరా, ప్రతి తలుపుకూ కాపలావాడు. వాడి చేతిలో ఇన్సూరెన్సు నిబంధనల కాగితం.

బయట గోడలు ఇలా తయారైతే, ఎక్కాలన్న దురద ఉన్నవాళ్లు నేలమాళిగల్లోకి దిగారు. 1980ల్లో నేను హెడింగ్లీలో ఒక బారు ఇల్లు కొన్నాను. ఈ ఇళ్లన్నిటికీ కింద బొగ్గు పోసుకునే కొట్టు ఉంటుంది. బొగ్గు పోయి గ్యాసు వచ్చాక అందులో సాలెగూళ్లు తప్ప ఏమీ లేవు. పైగదిలో అద్దెకున్న కుర్రాళ్లు ఒకరోజు వచ్చి ‘సార్, కింద చిన్న బోర్డు పెట్టుకుంటాం’ అన్నారు. సరేనన్నాను. సాయంత్రానికి ప్లైవుడ్ షీట్లు దిగాయి. వంటగది నేల మోస్తున్న దూలాలకే బోల్టులు బిగించి, నలభై అయిదు డిగ్రీల వాలున పలక వేలాడదీశారు. నేను లెక్క వేసి చూసి, ముగ్గురు ఒకేసారి వేలాడితే మా ఆవిడ కుక్కరుతో సహా కిందికి వస్తుందని చెప్పాను. రెండు అడ్డ కర్రలు నేనే వేయించాను. ఇక పట్లు. పాత మంచం కాళ్లు కోసి గుండ్రంగా అరగదీశారు. మేడమెట్ల చేతికర్ర ముక్కలు. రెజిన్‌లో ఇసుక కలిపి అచ్చు పోసినవి. ఆ కంపు మూడు అంతస్తులకూ ఎక్కేది. చదువు ముగిసి ఇళ్లు ఖాళీ చేసే వేసవిలో వీధుల్లో పారేసిన పరుపులు మోసుకొచ్చి కింద పరిచారు.

ఊళ్లో అలాంటి కొట్లు చాలానే ఉండేవి. షెఫీల్డ్‌లో ఇంకా ఎక్కువ. అదే కాలంలో, 1988లో, జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గ్యూలిష్ న్యూరెంబర్గ్‌లోని ఒక జిమ్ములో చెక్క పట్టీలు వరసగా మేకులు కొట్టి, కాళ్లు వదిలేసి చేతులతోనే పైకి దూకే బోర్డు చేశాడు. అది కూడా వడ్రంగి పనే. బలం పెంచే పనిముట్లన్నీ ఇలా ఎవరో ఒకరి ఇంటి రంపంతోనే పుట్టాయి. మా కొట్లో బోర్డు ఏటా మారేది. ఒకడికి కష్టమైన ఎత్తుగడ ఇంకొకడు తన పొడవుకు తగ్గట్టు మార్చేవాడు, దాని మీద రాత్రంతా వాదన. ఏ బోర్డూ ఇంకో బోర్డులా ఉండేది కాదు. పక్క వీధి కొట్లో చిచ్చరపిడుగైన కుర్రాడు మా కొట్లోకొచ్చి బోల్తా పడేవాడు.

1991లో షెఫీల్డ్‌లో ఫౌండ్రీ అనే ఎక్కుడు జిమ్ము తెరిచారు. ఆ తర్వాత గోదాములన్నీ ఒక్కొక్కటిగా జిమ్ములయ్యాయి. ఇక్కడి నుంచి నా గొణుగుడు మనవరాలి మీదికి మళ్లుతుంది. అది వారానికి రెండు మూడుసార్లు వెళ్తుంది. ఒక పూటకు పన్నెండు పౌండ్లో పదమూడో, కాఫీ వేరు. నన్నూ తీసుకుపోయింది. మోత మోగే పాటలు, మోకాలి లోతు పరుపు, గోడ నిండా పూసిన రంగులు.

“తాతా, ఆకుపచ్చవి మాత్రమే పట్టుకోవాలి.”

“ఎర్రది దగ్గరుంది కదే?”

“అది వేరే రూటు.”

“పట్టుకుంటే ఏమవుతుంది?”

“ఏమీ కాదు. కానీ అప్పుడు ఎక్కినట్టు కాదు.”

మేమూ నిబంధనలు పెట్టుకున్నాం, నిజమే. కానీ మా నిబంధన మేం గోడను చూశాక పుట్టేది. దీనికి గోడ చూడకముందే నిబంధన తయారు. వెతకాల్సిందేమీ లేదు, పట్టుకోవాల్సిందే ఉంది. ఇక ఆ వెలిగే బోర్డులు. షెఫీల్డ్ మనిషి బెన్ మూన్ పేరు మీద వచ్చిన మూన్‌బోర్డు ఏ రకమైనా, ఆ రకానికి ప్రపంచమంతటా అవే పట్లు, అవే దూరాలు. ఫోనులో నొక్కితే ఏది పట్టుకోవాలో దీపం వెలుగుతుంది. టోక్యోలో ఎవడో ఎక్కింది లీడ్స్‌లో అచ్చంగా అలాగే ఎక్కవచ్చు. మా కొట్లో మంచం కాళ్ల నుంచి పుట్టిన పలకే అది, చదువుకుని పెద్దదై ఉద్యోగంలో చేరింది. వేగం పోటీ గోడ సంగతి ఇంకా ఘోరం. పదిహేను మీటర్లు, ఎక్కడికెళ్లినా అవే పట్లు అవే చోట్ల. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇండోనేషియా కుర్రాడు వెడ్రిక్ లియొనార్డో దాన్ని 4.75 సెకన్లలో ఎక్కి బంగారు పతకం పట్టాడు. నాకు కళ్లద్దాలు సర్దుకునే టైము కూడా పట్టలేదు.

బలం మాటకొస్తే వీళ్ల ముందు మేం నిలవం, అది వేరే చెప్పక్కర్లేదు. మా నాటి నడవాలో ఆడపిల్లలు కనబడేవారే కాదు. కనబడినా ఎవడో ఒకడు పాఠం చెప్పడానికి తయారయ్యేవాడు. ఇప్పుడు మనవరాలు, దాని స్నేహితురాళ్లు పైకప్పు కింద తలకిందులుగా వేలాడుతూ పరీక్షల గురించి మాట్లాడుకుంటారు. అది బాగుంది. కానీ బయటికొచ్చాక అదే పిల్ల బస్టాపు వెనక రాతి గోడను ఆనుకుని నిలబడి ఫోను చూసుకుంటుంది. వీపుకు గుచ్చుకుంటున్న రాయి మంచి పట్టు అని దానికి తట్టదు. చూపించాను. “బాగుంది తాతా” అంది. బస్సు వచ్చింది.

మా ఊళ్లో పట్టు పసిగట్టే ఈ కన్ను పుట్టుకతో వచ్చేది. భువనగిరి చుట్టుపక్కల గీత కార్మికుడు నడుముకు మోకు వేసుకుని తాడి చెట్టు దగ్గరికి పోతే, ముందు చెట్టు మొదలు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు. ఆ తర్వాతే కాలు పెడతాడు. మేం గోడను అలాగే చూసేవాళ్లం. ఉస్మానియా హాస్టల్లో ఉన్నప్పుడు సెకండ్ షోకి పోయి వచ్చేవాళ్లకు ప్రహరీ గోడ మీద గాజు పెంకులు ఎక్కడ లేవో చీకట్లో కూడా తెలిసేది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ గ్రానైటు గోడ మీద మాత్రం చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. 1939 నాటి మేస్త్రీలు ఆ రాయిని అంత నున్నగా అతికారు. మా భువనగిరి గుట్ట మీద ఇప్పుడు ఎక్కుడు నేర్పుతున్నారు. గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ అక్కడే మొదట తాడు పట్టుకుని, 2014 మేలో పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. ఆ వార్త చదివిన రోజు నేను ఈ ఊళ్లో ఎంతమందికి ఫోను చేశానో లెక్కలేదు. హైదరాబాదులో మాత్రం వందల కోట్ల ఏళ్ల గుండ్లు పేల్చి, ఆ చోటే నున్నటి అపార్టుమెంట్లు లేపి, కింద పిల్లల కోసమని ప్లాస్టిక్ ఎక్కుడు గోడ పెట్టి బ్రోచరులో వేస్తున్నారు.

ఈ మధ్య ఇంకో సంగతి వచ్చిపడింది. మా వీధి చివర రాతి అడ్డుగోడ ఒకటి మిగిలింది, నేనొచ్చిన కొత్తలో ఆ చివర నుంచి ఈ చివరకు పోయిన గోడ. సందులు లోతుగా పోయాయని, సిమెంటుతో నింపేస్తామని నోటీసు అంటించారు. వెంటనే ఉత్తరం రాశాను. ఇసుకరాతి సందుల్లో గట్టి సిమెంటు పెడితే లోపలి తేమ సందు గుండా పోలేక రాతి గుండా పోతుంది, మంచు కాలంలో రాయి ముఖం పొరలు పొరలుగా ఊడుతుంది, కాబట్టి సున్నమే పెట్టాలి, అదీ అంచు దాకా కాకుండా అరంగుళం లోపలికి ఆపాలి అని బొమ్మలు గీసి మరీ వివరించాను. సంతకం కింద సివిల్ ఇంజనీరునని, కాంక్రీటులో డాక్టరేటని కూడా రాశాను. అరంగుళం ఎందుకో మాత్రం రాయలేదు. మనవరాలు టైపు చేస్తూ అడిగింది, “సున్నం సరే తాతా, ఈ అరంగుళం రాయి కోసమా?” టైపు చెయ్యమన్నాను.